పది రోజుల్లో ఆరు ఊళ్లా, రెండు ఊళ్లా? బ్యాక్‌ప్యాకింగ్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఉన్న డబ్బుతో వీలైనన్ని ఊళ్లు చుట్టెయ్యాలి.

బ్యాక్‌ప్యాకింగ్ అంటే వీపున సంచి తగిలించుకుని తక్కువ ఖర్చుతో ఊళ్లు తిరగడం. దీని గురించి నన్ను సలహా అడిగేవాళ్లలో ఎక్కువమంది ప్లాన్ ఇలాగే ఉంటుంది. పది రోజుల్లో ఆరు ఊళ్లంటే మధ్యలో ఐదుసార్లు టికెట్ కొనాలి, ఆరుసార్లు బస వెతుక్కోవాలి, ప్రతిచోటా దారులు మొదటి నుంచి తెలుసుకోవాలి. రెండు ఊళ్లే పెట్టుకుంటే ఈ ఖర్చు చాలావరకు మిగులుతుంది. వారం ఉంటామంటే అద్దె తగ్గించేవాళ్లూ ఉంటారు. నాకైతే డబ్బు కంటే ఇంకోటి ముఖ్యం. రోజూ అదే వేళకు, అదే కొట్టుకు వెళ్తే మూడో రోజుకు మనల్ని గుర్తుపట్టి వాళ్లే పలకరిస్తారు. ఊరి పరిచయం అక్కడ మొదలవుతుంది. పొద్దున దిగి సాయంత్రం బస్సెక్కేవాళ్లకు ఆ మూడో రోజు రాదు.

అపోహ: హాస్టల్‌లో దిగితే స్థానికులు వాళ్లంతట వాళ్లే పరిచయమవుతారు.

ఇక్కడ హాస్టల్ అంటే చదువుకునే పిల్లలది కాదు, ప్రయాణికులు ఒకే గదిలో తలా ఒక మంచం తీసుకునే బస. అది చవక, మంచిది కూడా. 1912లో జర్మనీలోని ఆల్టెనా కోటలో రిచర్డ్ షిర్మాన్ అనే బడిపంతులు యూత్ హాస్టల్ తెరిచారు. విద్యార్థులు కాలినడకన తిరుగుతూ లోకం చూడాలన్నది ఆయన ఆలోచన. అయితే డార్మిటరీలో పక్క మంచం మీద ఉండేది చాలావరకు మనలాంటి ప్రయాణికులే. ఊరివాళ్లతో గడపాలంటే కొన్ని రాత్రులైనా ఎవరింట్లోనైనా ఉండాలి. సర్వాస్ అనే సంస్థ 1949 నుంచి ప్రయాణికులకు ఇలా ఆతిథ్యమిచ్చే ఇళ్లను పరిచయం చేస్తోంది. కానీ ఉచితం కదా అని పడుకుని లేచి వెళ్లిపోకూడదు. వాళ్లు మనల్ని పిలిచింది మాట్లాడటానికి. కాసేపు కూర్చోవాలి, పనిలో చెయ్యి వెయ్యాలి.

అపోహ: పొలంలో పనిచేసి ఉండటానికి టూరిస్ట్ వీసా చాలు.

1971లో ఇంగ్లండ్‌లో మొదలైన వూఫ్ పద్ధతిలో సేంద్రియ పొలాల్లో రోజుకు కొన్ని గంటలు పనిచేస్తే బస, భోజనం పెడతారు. జీతం లేకపోయినా కొన్ని దేశాల చట్టం దీన్ని ఉద్యోగంగానే చూస్తుంది. టికెట్ కొనకముందే ఆ దేశం వీసా నిబంధనలు చదవండి. ఈ ఒక్క విషయంలో 'ఏం కాదులే' అనుకోవద్దు.

అపోహ: భాష రాకపోతే కష్టం.

పలకరింపు, కృతజ్ఞత, అంకెలు, 'ఫొటో తీసుకోవచ్చా?' అనే ప్రశ్న నేర్చుకోండి. అంకెలు వస్తే బేరం దగ్గర టెన్షన్ ఉండదు. ఇక ఫొటో సంగతి: వద్దంటే కెమెరా దించేసి, అక్కడే నిలబడి మాట కలపండి.