కలెక్టరు గారి చీర రంగు

హనుమకొండ

చిరంజీవులకు,

మొన్న పండక్కి వచ్చినప్పుడు మీరు ముగ్గురూ ఒకే ఫోను మీదికి వంగి నవ్వుకుంటుంటే నేనూ తొంగి చూశాను. ఎవరో మహిళా మంత్రి ఫొటో, దాని కింద బారెడు వెక్కిరింతలు. అప్పుడేమీ అనలేదు. అనే అర్హత నాకుందా అని రెండు రోజులు తటపటాయించాను.

నేను పత్రిక డెస్కులో పనిచేసిన సంగతి మీకు తెలుసు కదా. ఒకసారి పెద్ద వాన పడి కాలనీలు మునిగితే ఒక మహిళా కలెక్టరు మోకాలి లోతు నీళ్లలో నడిచి ఇల్లిల్లూ చూశారు. ఎన్ని ఇళ్లు మునిగాయి, నాలా ఎక్కడ పూడింది, అన్నీ విలేకరి రాసి పంపాడు. నేను ఫొటో కింద పెట్టిన వాక్యం మాత్రం ఆమె చీర రంగు మీద, పైగా ప్రాస కలిపి. పక్కనే నడిచిన ఇంజినీరు చొక్కా ఏ రంగో నాకు ఇప్పటికీ తెలియదు. పొద్దున్నే మీ నానమ్మ పేపరు మడిచి నా ముందు పెట్టి, "ఇంతకీ ఆ నాలా సంగతి ఏమైంది?" అని అడిగింది.

"అడిగింది" అని రాశాను చూడండి. ఇంట్లో అది చనువు. పేపర్లో మాత్రం ఆయన "చెప్పారు", ఆమె "చెప్పింది" అని ఒకే వార్తలో పక్కపక్కనే వేసేవాళ్లం. మన భాషలో ఆమె వచ్చింది, బస్సు వచ్చింది, వాన వచ్చింది, అన్నిటికీ ఒకటే క్రియ. "వచ్చారు" అన్నప్పుడే ఆ తేడా చెరిగిపోతుంది. రెండక్షరాల ఖర్చు, అంతే. ఇక "మహిళా కలెక్టరు" అనడం ఉంది. పైన నేనూ అదే రాశాను. "పురుష కలెక్టరు" అని ఎవరూ రాయగా చూడలేదు.

ఇది ఈనాటిది కాదు. మీరు కోటలో కీర్తితోరణాల కింద ఫొటోలు దిగారే, 13వ శతాబ్దంలో అక్కడి నుంచి పాలించిన రుద్రమదేవిని శాసనాలు "రుద్రదేవ మహారాజు" అన్నాయి. సింహాసనానికి మగ పేరు కావలసి వచ్చింది. మార్కో పోలో ఆమె న్యాయబుద్ధిని మెచ్చుకున్నాడు కానీ, రాజుగారి వితంతువు అని రాశాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. పాలన గురించి సరిగ్గా రాసి చుట్టరికం తప్పు రాసిన విలేకరి!

వరంగల్ మున్సిపల్ కమిషనరుగా, కరీంనగర్ కలెక్టరుగా చేసిన స్మితా సబర్వాల్ ముఖ్యమంత్రి కార్యాలయంలో ఉండగా, 2015లో ఒక ఇంగ్లీషు పత్రిక ఆమె దుస్తుల గురించి రాసి, ఫ్యాషన్ షోలో నడుస్తున్నట్టు బొమ్మ వేసింది. ఆమె లీగల్ నోటీసు పంపారు. ఆ కేసు ఖర్చుకు ప్రభుత్వం ఇచ్చిన 15 లక్షలు తిరిగి కట్టమని 2022లో హైకోర్టు చెప్పింది. ప్రజల సొమ్ము ఇవ్వవచ్చా అన్నది వేరే వాదన, అందులో కోర్టు మాటే నాకు సబబు అనిపించింది. బొమ్మ మాత్రం బొమ్మే.

మన వరంగల్ తూర్పు ఎమ్మెల్యే, మంత్రి కొండా సురేఖ విషయం ఇంకా చిక్కు. 2024లో ఒక సభలో ఎంపీ ఆమె మెడలో చేనేత నూలు దండ వేస్తే, ఆ ఫొటోకు వెకిలి రాతలు తగిలించి తిప్పారు. ఆమె విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు. కొద్ది రోజులకే ఆమే రాజకీయ ప్రత్యర్థిని తిట్టబోయి ఒక సినీ నటి విడాకులను మధ్యలోకి లాగారు, తర్వాత ఆ మాటలు వెనక్కి తీసుకున్నారు. దెబ్బ తిన్న చెయ్యి ఇంకొకరి మీద లేవదని ఏమీ లేదు. ఆ మాటలకు ఆమెను గట్టిగా నిలదీయండి, నేనూ మీతో ఉంటాను. మెడలో దండకు నిలదీసేది ఏముంది?

మీ నానమ్మ అడిగిన నాలా వార్త మర్నాడు లోపలి పేజీలో నాలుగు లైన్లు వేశాను. ఫొటోకు చోటు దొరకలేదు.

మీ తాతయ్య