జిప్పు చివర సైడు కుట్టులోకి పోవాల్సిందేనా? సంచులు కుట్టేవాళ్ల అపోహలు, కొన్ని వాస్తవాలు

మొన్న శనివారం కొర్లగుంట నుంచి ఒకామె ఒక పౌచ్ తెచ్చి నా మిషన్ బల్ల మీద పెట్టింది. "అక్కా, ఈ మూల చూడు. నాలుగుసార్లు విప్పి కుట్టినా ఇట్లనే ఉండాది" అంది. కాళహస్తి కలంకారీ గుడ్డ, లోపల పసుపు లైనింగు, కుట్టు గీత గీసినట్టు ఉంది. జిప్పు రెండు చివర్ల దగ్గర మాత్రం మూల లోపలికి గుంట పడి, పక్కనే బొడిపె లేచింది. వేలితో నొక్కితే చింతగింజలా గట్టిగా తగిలింది. విప్పి చూడకుండానే చెప్పాను, జిప్పు చివర్లు రెండూ సైడు కుట్టులో ఇరుక్కున్నాయని.

"కుట్టులోకి పోకపోతే ఊడిపోదా అక్కా?"

పదమూడేళ్లుగా తిరుపతిలో సంచులు కుడుతున్నాను, ఏడేళ్లుగా నేర్పిస్తున్నాను. ఈ ప్రశ్న అడగనివాళ్లు నాకింకా తగల్లేదు. అందుకే ఈ ఒక్కదాని గురించి తీరిగ్గా రాస్తాను. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: జిప్పు సంచి వెడల్పంతా ఉండాలి, చివర్లు సైడు కుట్టులో కలిస్తేనే గట్టి.

వాస్తవం: గట్టిదనం సంగతి దేవుడెరుగు, సంచి పాడయ్యేది అక్కడే. సైడు కుట్టు వేసేటప్పుడు ఆ చోట ఏమేం ఉంటాయో ఒకసారి లెక్కపెట్టండి. ముందు వైపు బయటి గుడ్డ, ఫోమ్, లైనింగు, జిప్పు టేపు (అంటే పళ్లకు అటూ ఇటూ ఉండే పట్టీ), మార్జిన్ల మడతలు. వెనక వైపూ అవే. ఫోమ్ వేసిన సంచికి అరంగుళం చోటులో పది పొరలకు తగ్గవు. వాటి మధ్యలో జిప్పు పళ్లు. సూది పన్ను మీద పడితే విరగొచ్చు, పక్కకు జారితే కుట్టు వంకర పోతుంది. రెండూ కాకపోయినా సంచిని లోపలిది బయటికి తిప్పాక ఆ మందం మూలను పైకి రానివ్వదు. కత్తెర మొనతో ఎంత పొడిచినా రాదు, గుడ్డే చిరుగుతుంది.

చాలామంది అప్పుడేం చేస్తారంటే, తమ చెయ్యి మంచిది కాదనుకుంటారు. మంచి మిషన్ లేదని, పవర్ మిషన్ ఉంటే వచ్చేదని బాధపడతారు. ఇదే మూల కోసం అప్పు చేసి కొత్త మిషన్ కొనుక్కున్న అమ్మాయి నాకు తెలుసు. కొత్త మిషన్ మీదా అదే బొడిపె. అమ్మా, తప్పు మీ చేతిది కాదు, మిషన్‌దీ కాదు. కొలత దగ్గరే తప్పు జరిగింది.

కొలత ఇలా చూసుకోండి. గుడ్డ పది అంగుళాలు కోశారనుకుందాం. రెండు పక్కలా అరంగుళం మార్జిన్ పోతే తయారయ్యే సంచి తొమ్మిది. జిప్పు ఎనిమిదిన్నర కోయండి. అంటే ఒక్కో చివర సైడు కుట్టుకు పావు అంగుళం ముందే ఆగిపోతుంది. మిగిలిన చోటు గుడ్డ ట్యాబ్‌ది, అంటే జిప్పు చివరకు కలిపి కుట్టే గుడ్డ ముక్కది. ఒక్కో చివరకు రెండు ముక్కలు, మొత్తం నాలుగు. వెడల్పు జిప్పు టేపంత, అంటే ఐదో నంబరు జిప్పుకు (నంబర్ల సంగతి చివర్లో చెప్తాను) సుమారు అంగుళంపావు. పొడవు కూడా అంగుళంపావు చాలు. చెయ్యి తిరిగేదాకా ఒకటిన్నర పెట్టుకుని తర్వాత కోసేయండి.

జిప్పు చివర పైన ఒక ముక్క, కింద ఒక ముక్క, బయటికి కనిపించాల్సిన మంచి వైపులు జిప్పుకేసి పెట్టి, చివర నుంచి పావు అంగుళం లోపల అడ్డంగా కుట్టండి. ముక్కలను బయటికి తిప్పి, మడత అంచు వెంబడి పైన ఇంకో కుట్టు. రెండో చివరా ఇంతే. ఇప్పుడు కొలిస్తే కనిపించే జిప్పు ఎనిమిది, ట్యాబులతో కలిపి పది. సైడు కుట్టులోకి పోయేది మెత్తటి గుడ్డ మాత్రమే. మూల దానంతటదే వస్తుంది.

"ట్యాబ్ పెడితే సంచి నోరు చిన్నదైపోదా?" అని వెంటనే అడుగుతారు. రెండు వైపులా కలిపి అంగుళం. జిప్పు చివరిదాకా ఉన్నా మూల దగ్గర ఆ అరంగుళంలోంచి మీ వేలు దూరదు. లేని నోటి కోసం ఉన్న మూలను పోగొట్టుకోవడం ఎందుకు?

ఇక ఊడిపోతుందన్న భయం. ఈ భయానికి కారణం ఉంది, కొట్టిపారేయను. మనం మీటర్ల లెక్కన కొనే రోల్ జిప్పుకు చివర స్టాపర్ ఉండదు, అంటే జిప్పును తెరిచి మూసే రన్నర్‌ను జారిపోకుండా ఆపేది. తయారుగా కొన్న జిప్పు పొట్టి చేసినా స్టాపర్ పోతుంది. ట్యాబ్‌ను టేపుకు మాత్రమే కుట్టి పళ్ల దగ్గర కుట్టు ఎగిరిపోతే రన్నర్ నిజంగానే బయటికొచ్చేస్తుంది. అలిపిరి మెట్లెక్కుతూ గాలిగోపురం దాటాక పౌచ్ నోరు మొత్తం తెరుచుకుని గది తాళం పోగొట్టుకున్న పెద్దావిడ ఒకరు మా ఇంటికి వచ్చారు. "మూడు వేల అయిదు వందల చిల్లర మెట్లు, ఏ మెట్టు మీద పడిందో ఎట్లా వెతికేదమ్మా" అన్నారు. సంచి చూస్తే ట్యాబ్ బాగానే ఉంది, పళ్ల మీద ఒక్క కుట్టు లేదు. కాబట్టి ట్యాబ్ వేసే ముందే పళ్ల మీద అడ్డంగా ముందుకూ వెనక్కూ నాలుగైదు కుట్లు వేయండి. మోటారు ఆపి, చక్రం చేత్తో తిప్పుతూ. ఇది కాయిల్ జిప్పు, అంటే ప్లాస్టిక్ తీగను చుట్టచుట్టి పళ్లుగా చేసిన జిప్పు మాట. మెటల్ జిప్పుకైతే కుట్టు పడే చోట పళ్లను కట్టింగ్ ప్లయర్‌తో తీసేసి ఉత్త టేపు మీద కుట్టాలి. మెటల్ పన్ను మీద సూది దించితే విరిగిన సూది ముక్క ఎగిరి కంట్లో పడొచ్చు. ఇది సరదాకి చెప్పడం లేదు.

ఇంకోటి, రన్నర్ మొదలయ్యే వైపు జిప్పు టేపులు రెండూ విడివిడిగా నోరు తెరుచుకుని ఉంటాయి. వాటిని చేతి సూదితో కలిపి టాకా వేశాకే ట్యాబ్ పెట్టండి. లేకపోతే ఒక టేపు పైకి, ఒకటి కిందికి జరిగి సంచి ముందు వైపు ఒక ఎత్తు, వెనక వైపు ఒక ఎత్తు వస్తుంది.

నాకూ ఇదంతా ఎవరో చెప్తే రాలేదు. మొదట్లో తిరుచానూరులో ఒక పెళ్లికి 60 తాంబూలం పౌచ్‌లు ఒప్పుకున్నాను. అన్నిటికీ జిప్పు సైడు కుట్టులోకే. రెండు ప్యాకెట్ల సూదులు విరిగాయి. పెళ్లి ముందురోజు మా అత్తమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని, "ఏంది బిడ్డా, దీనికి చెవులొచ్చినాయి" అంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ రాత్రి ఒకదాన్ని విప్పుతూ కూర్చున్నప్పుడే పొరలు లెక్కపెట్టాను.

మిగతావి త్వరగా.

జిప్పు చివర లైటర్‌తో కాలిస్తే చాలు, ట్యాబ్ అక్కర్లేదంటూ రీల్స్ తిరుగుతున్నాయి. పాలిస్టర్ టేపు దారాలు రాకుండా అంచును ఒక్క క్షణం చూపించడం వేరే సంగతి. పళ్లు కరిగేదాకా కాలిస్తే గాజుముక్కలాంటి అంచు తయారవుతుంది. అది లైనింగును కోస్తుంది, పౌచ్‌లో చెయ్యి పెట్టిన పిల్లల వేళ్లనూ గీరుతుంది. నూలు టేపు అయితే కరగదు, నల్లగా మాడుతుంది. చూసిన ప్రతిదీ చేసేయకండి తల్లీ.

రన్నర్ మీద పెద్ద కంపెనీ పేరుంటే జిప్పంతా ఆ కంపెనీదే అనుకుంటారు. రోల్ జిప్పుకు రన్నర్లు విడిగా అమ్ముతారు. ఆ పేరు రన్నర్ గురించే చెబుతుంది, అదీ నిజమైనదైతే.

పళ్లు విడిపోతున్నాయంటే జిప్పు పోయినట్టు కాదు. చాలాసార్లు రన్నర్ వదులైపోయి ఉంటుంది. రన్నర్ మారిస్తే సరిపోయేదానికి జిప్పంతా ఊడదీసి డబ్బులు తీసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. జిప్పు బిగుసుకుంటే కొబ్బరినూనె రాయకండి, దుమ్ము పట్టుకుంటుంది. కొవ్వొత్తి ముక్కతో పళ్ల మీద రుద్దండి.

ఐదో నంబరు, మూడో నంబరు అనేది నాణ్యత కాదు. మూసిన పళ్ల వెడల్పు సుమారుగా అన్ని మిల్లీమీటర్లని అర్థం. చిన్న పౌచ్‌కు మూడు, భుజానికి తగిలించుకునేదానికి ఐదు.

చివరగా, చుట్టూ కుట్టే ముందు జిప్పు సగం తెరిచి పెట్టుకోండి. మూసి కుట్టేస్తే సంచిని లోపలిది బయటికి తిప్పలేం. కంగారుపడి విప్పేయకండి, లైనింగు అడుగున వదిలిన సందులోంచి రెండు వేళ్లు పెట్టి, జిప్పు వెనక నుంచి రన్నర్‌ను తోయండి. మామూలు రన్నర్ అయితే కదులుతుంది. ఆటోలాక్, అంటే పిడి పట్టి లాగితేనే కదిలే రన్నర్ అయితే కదలదు, విప్పుకోవాల్సిందే. పోయిన వారం నేను విప్పుకున్నాను. నా దగ్గర నేర్చుకునే ముగ్గురూ ఎదురుగానే కూర్చుని చూశారు.