ఒక్క కాయిల్‌తో అన్ని బ్యాండ్లూ ఎందుకు రావు?

రేడియో సొంతంగా కడదామని దిగేవాళ్లలో చాలామందికి వచ్చే మొదటి సందేహం ఇదే: మీడియం వేవ్, షార్ట్‌వేవ్ అన్నీ పట్టేలా ఒకే కాయిల్ చుట్టేస్తే పోలా, ఈ బ్యాండ్ స్విచ్చి (బ్యాండ్‌కో కాయిల్ మార్చే స్విచ్చి) గోలంతా ఎందుకు? న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం కాయిల్లో కంటే గ్యాంగ్ కండెన్సర్లో (నాబ్ తిప్పితే రేకులు లోపలికీ బయటికీ జరిగే ట్యూనింగ్ కండెన్సర్లో) ఎక్కువ దొరుకుతుంది.

కాయిల్‌నీ కండెన్సర్‌నీ కలిపి కడితే ఆ జంట ఒక ఫ్రీక్వెన్సీకి గట్టిగా స్పందిస్తుంది, మిగతావాటిని పెద్దగా పట్టించుకోదు. మన దగ్గర మీడియం వేవ్ అంటే 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్ దాకా, అంటే కింద నుంచి పైకి 3 రెట్లు. ఫ్రీక్వెన్సీ 3 రెట్లు పెరగాలంటే కెపాసిటెన్స్ (కండెన్సర్ చార్జ్ పట్టే సామర్థ్యం, పికోఫారడ్లలో కొలుస్తారు) 9 రెట్లు తగ్గాలి, ఎందుకంటే లెక్కలో వర్గమూలం ఉంది. 365 పికోఫారడ్ల గ్యాంగ్ తీసుకుని, వైరింగ్ వల్ల ఎలాగూ చేరే ఓ 20 కలుపుకుంటే 385. దాంతో 531 రావాలంటే కాయిల్ ఇండక్టెన్స్ 233 మైక్రోహెన్రీలు ఉండాలి. అదే కాయిల్‌తో 1602 అందాలంటే, గ్యాంగ్ రేకులు పూర్తిగా బయటికొచ్చినప్పుడు అన్నీ కలిపి 42 పికోఫారడ్లు దాటకూడదు. కాస్త పొందిగ్గా కడితే కుదురుతుంది. ఇప్పుడు ఇదే కాయిల్‌తో 6 మెగాహెర్ట్జ్ కావాలనుకోండి, 3 పికోఫారడ్లు ఉండాలి. తీగలు పక్కపక్కన పోయినంత మాత్రానే అంతకు మించి చేరిపోతుంది! అందుకని 6 నుంచి 18 మెగాహెర్ట్జ్‌కి ఇంకో కాయిల్ తప్పదు, అది 1.8 మైక్రోహెన్రీలది. మీడియం వేవ్‌కి ఫెరైట్ రాడ్ (కాయిల్ చుట్టే నల్లటి అయస్కాంత పదార్థపు కడ్డీ) మీద 65 చుట్లు పట్టాయనుకుంటే, అదే రాడ్ మీద దీనికి లెక్క ప్రకారం ఆరు చుట్లు చాలు.

తీగ కూడా మారుతుంది. 1 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగి తీగ లోపలిదాకా పోదు, పైపైన 0.066 మిల్లీమీటర్ల పొరలోనే ఎక్కువగా నడుస్తుంది. పాత ట్రాన్సిస్టర్ విప్పితే రాడ్ మీద దారం చుట్టినట్టుండే తీగ కనిపిస్తుంది చూడండి, అది లిట్జ్ వైరు, అంటే ఎనామిల్ పూసిన సన్నపోగులు పేనిన తీగ. కరెంటు పారే ఉపరితలం పెరగడానికే ఆ ఏర్పాటు. దాని కొసన ఎనామిల్ పోగొట్టి అన్ని పోగులకీ టిన్ను పట్టించాలి, రెండు మూడు పోగులు వదిలేసినా కాయిల్ నాణ్యత పడిపోతుంది. షార్ట్‌వేవ్‌లో పైకి పోయేకొద్దీ ఈ పోగుల వల్ల లాభం ఉండదు. అక్కడ లావుపాటి ఒంటి తీగని ఎడం ఎడంగా చుట్టడమే మంచిది.

బ్యాండ్ స్విచ్చి కొనేటప్పుడు ఇంకో సంగతి చూసుకోవాలి. వాడని కాయిల్‌ని ఊరికే వదిలేస్తే అది తన సొంత కెపాసిటెన్స్‌తో ఏదో ఒక ఫ్రీక్వెన్సీకి ట్యూనై కూర్చుని, పక్క కాయిల్లోంచి సిగ్నల్ లాగేస్తుంది. డయల్ మీద ఒకచోట మాత్రం రేడియో చచ్చుబడినట్టుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. వాడని కాయిల్‌ని షార్ట్ చేసే స్విచ్చి అయితే ఈ బాధ ఉండదు.

ఇక వడపోత సంగతి. మన ప్రాంతంలో మీడియం వేవ్ స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి. హైదరాబాద్ 738, విజయవాడ 837, విశాఖపట్నం 927, అన్నిటినీ 9 భాగిస్తుంది. (అమెరికాలో ఈ ఎడం 10. అందుకే అక్కడ కొని తెచ్చిన డిజిటల్ రేడియో 830 దగ్గర ఆగి, అక్కడినుంచి 840కి దూకేస్తుంది. 9, 10 మార్చుకునే స్విచ్చి ఉందో లేదో చూసి కొనాలి.) కాయిల్ క్యూ విలువ (ఫ్రీక్వెన్సీని ఎంత పదునుగా ఏరుతుందో చెప్పే అంకె) 100 అనుకుంటే 531 దగ్గర అది 5.3 కిలోహెర్ట్జ్ వెడల్పే వదులుతుంది, గొంతు మూగగా వినిపిస్తుంది. 1602 దగ్గర అదే కాయిల్ 16 కిలోహెర్ట్జ్ వదిలేస్తుంది, పక్క స్టేషన్ కూడా దూరిపోతుంది. డయల్ తిప్పేకొద్దీ వెడల్పు మారే ఫిల్టర్ ఇది. కాయిల్‌ని ఎంత బాగా చుట్టినా ఈ చిక్కు పోదు, అందుకే గొప్ప క్యూ కోసం రోజుల తరబడి కుస్తీ పట్టడం నాకు దండగ అనిపిస్తుంది.

1918లో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ చిక్కుని పక్కదారిన దాటాడు. ఫిల్టర్‌ని స్టేషన్ దగ్గరికి తీసుకుపోవడం మానేసి, స్టేషన్లనే ఫిల్టర్ దగ్గరికి రప్పించాడు. 837 వినాలంటే రేడియో లోపల ఆసిలేటర్ అనే సర్క్యూట్‌తో 1292 కిలోహెర్ట్జ్ పుట్టించి మిక్సర్‌లో స్టేషన్‌తో కలుపుతారు, రెండిటి తేడా 455. 738 కావాలంటే 1193, మళ్లీ తేడా 455. వెడల్పు మారని ఫిల్టర్ ఆ ఒక్క 455కి కడితే చాలు. బోర్డు మీద పసుపు, తెలుపు, నలుపు రంగుల డబ్బాలు ఐఎఫ్‌టీలు (ఆ 455కి ట్యూన్ చేసిన ట్రాన్స్‌ఫార్మర్లు), ఆ పని వాటిదే. ఎరుపు డబ్బా ఆసిలేటర్ కాయిల్.

అయితే 1747 కిలోహెర్ట్జ్‌లో ఏదైనా సిగ్నల్ ఉంటే, దాన్నుంచి 1292 తీసేసినా 455 వస్తుంది. దీన్నే ఇమేజ్ అంటారు. మిక్సర్ దాటాక ఏది అసలు, ఏది దొంగ అని చెప్పే దారి లేదు, కాబట్టి ముందున్న కాయిలే దాన్ని ఆపాలి. క్యూ 80 ఉన్న కాయిల్ 837కి ట్యూనై ఉంటే 1747ని దాదాపు 130వ వంతుకి అణిచేస్తుంది, బాగానే ఉంది. 15 మెగాహెర్ట్జ్ దగ్గర ఇమేజ్ 15.91లో పడుతుంది, క్యూ 50 ఉన్న కాయిల్ దాన్ని ఆరో వంతుకి మాత్రమే తగ్గించగలదు. చవక రేడియోల్లో ఒకే షార్ట్‌వేవ్ స్టేషన్ డయల్ మీద రెండు చోట్ల వినిపించేది ఇందుకే.

ఆసిలేటర్‌తో ఇంకో పేచీ ఉంది. ముందు కాయిల్ 3 రెట్లు తిరిగేలోపు ఆసిలేటర్ 986 నుంచి 2057కి, అంటే రెండు రెట్ల పైచిలుకు మాత్రమే తిరగాలి, కానీ రెండిటినీ తిప్పే ఇరుసు ఒకటే. ఆసిలేటర్ వైపు ప్యాడర్ అనే కండెన్సర్‌ని సిరీస్‌లో వేసి సర్దుతారు (ఆసిలేటర్ సెక్షన్‌లో రేకులు చిన్నవిగా ఉన్న గ్యాంగ్ అయితే అది కూడా అక్కర్లేదు). డయల్ అంతటా కచ్చితంగా కలవవు, మూడు చోట్ల కలిస్తే సరిపెట్టుకుంటారు. కింది కొసన కాయిల్‌ని రాడ్ మీద అటూ ఇటూ జరిపి, పై కొసన ట్రిమ్మర్ (స్క్రూతో సర్దే చిన్న కండెన్సర్) తిప్పి, మళ్లీ కిందికొచ్చి చూడాలి, ఒకటి కదిపితే రెండోది చెడుతుంది మరి. ఇనుప స్క్రూడ్రైవర్ వాడితే అది తీయగానే ట్యూనింగ్ పోతుంది, ప్లాస్టిక్‌దే వాడాలి. కుదిరాక కాయిల్ మీద రెండు మైనం చుక్కలు.

ఇప్పుడు కంప్యూటర్‌కి తగిలించే యూఎస్‌బీ డాంగిల్‌తోనే షార్ట్‌వేవ్ వినొచ్చు కాబట్టి కాయిళ్ల గొడవ తీరిందనుకుంటారు. కానీ మామూలు ఆర్‌టీఎల్ డాంగిల్లో (చవకైన రకం) ఉన్నది సిగ్నల్‌ని అంకెలుగా మార్చే 8 బిట్ల కన్వర్టర్, అంటే 256 మెట్లే. దగ్గర్లో మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ ఉంటే ఆ మెట్లన్నీ అదే తినేస్తుంది, సన్నటి షార్ట్‌వేవ్ స్టేషన్‌కి ఏమీ మిగలదు. ముందర 2 మెగాహెర్ట్జ్ కింద కోసేసే హైపాస్ ఫిల్టర్ పెడితే చాలా మటుకు తేరుకుంటుంది. బలమైన షార్ట్‌వేవ్ స్టేషన్ల మధ్య అదీ చాలదు. 3, 4 మెగాహెర్ట్జ్‌లలో గట్టి సిగ్నళ్లు రెండుంటే అవి కలిసి 7 మెగాహెర్ట్జ్‌లో లేని స్టేషన్‌ని పుట్టిస్తాయి. 5 నుంచి 8 మాత్రమే వదిలే ఫిల్టర్ ముందుంటే ఆ రెండూ లోపలికే రావు. ఇలా పై కొస కింది కొసకి రెండు రెట్లు దాటకుండా నాలుగైదు ఫిల్టర్లు కట్టి, ఏది కావాలంటే దాన్ని కలుపుకోవాలి. వీటికి టొరాయిడ్ కాయిళ్లు (ఉంగరం ఆకారపు కోర్ మీద చుట్టినవి) వాడటం తేలిక. లెక్కకి కాస్త అటో ఇటో వచ్చినా విప్పి చుట్టక్కర్లేదు, చుట్లని వేలితో దగ్గరికి నొక్కితే ఇండక్టెన్స్ పెరుగుతుంది, ఎడం చేస్తే తగ్గుతుంది. నానోవీఎన్ఏ (ఫిల్టర్ ఏ ఫ్రీక్వెన్సీని ఎంత వదులుతుందో గీసి చూపే చిన్న పరికరం) తెరమీద గీత ఎటు జరుగుతోందో చూస్తూ సర్దుకోవచ్చు.