పలక కంటే ముందు మాట: సరిహద్దు బడిలో కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న గజపతి జిల్లాలో, మహేంద్రతనయ నది ఒడ్డునున్న పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్ళలో 24 ఏళ్ళుగా ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మా తరగతి గదిలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు, ఒడియా మాట్లాడే పిల్లలు, కొండల మీది ఊళ్ళ నుంచి దిగివచ్చిన సవర పిల్లలు ఒకే చాప మీద కూర్చుంటారు. ఇలాంటి గదిలో ఏ పద్ధతి పనిచేస్తుంది, ఏది పనిచేయదు అన్న విషయంలో తల్లిదండ్రులలోనూ, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయులలోనూ కొన్ని నమ్మకాలు గట్టిగా పాతుకుపోయి ఉన్నాయి. వాటిలో కొన్నింటిని మొదటి పదేళ్ళు నేనూ నమ్మాను. ఏవి ఎందుకు సరికావో, వాటి స్థానంలో తరగతిలో ఏం చేయవచ్చో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: అక్షరమాల మొత్తం వచ్చిన తరువాతే పదాలు చదివించాలి.

వాస్తవం: తెలుగులో 56 అక్షరాలు, వాటి మీద గుణింతాలు, ఆ పైన ఒత్తులు. ఇవన్నీ పూర్తయ్యేదాకా ఆగితే పిల్లవాడు ఏడాది పాటు అర్థం లేని గీతలు దిద్దుతూ గడుపుతాడు. అక్షరమాల వరుస పండితులు ధ్వనులను స్థానాల ప్రకారం అమర్చిన అందమైన వరుసే గాని, చదవడం నేర్చుకునే ఆరేళ్ళ పిల్లకు అనుకూలమైన వరుస కాదు. ఆ వరుసను పట్టుకుని వెళితే, రోజూ అవసరమయ్యే ‘ల’, ‘వ’ చేరకముందే పిల్ల ‘ఌ’, ‘ఙ’, ‘ఞ’ల దగ్గర చెమటోడ్చాలి.

నేను త, ల, వ, క, ప, డ అనే ఆరు అక్షరాలతో మొదలుపెడతాను. వారం తిరిగేలోగా తల, వల, కల, పలక, పడవ అనే మాటలు పిల్లల చేతిలో ఉంటాయి. ప్రతి మాటకూ అట్టముక్క మీద ఒక బొమ్మ, వెనుక వైపు అక్షరాలు ఉంటాయి. పిల్లలు ముందు బొమ్మ చూసి మాట చెబుతారు, తరువాత అట్ట తిప్పి తాము చెప్పిన మాట ఎలా ఉంటుందో చూస్తారు. ఈ క్రమం ముఖ్యం. నోటిలో ఉన్న మాట కంటికి కనబడాలి గాని, కంటికి కనబడిన గీతకు అర్థం వెతుక్కునే పరిస్థితి రాకూడదు. ఇక రెండో పని పేరు చీటీలు. ప్రతి పిల్ల పేరూ పెద్ద అక్షరాలతో రాసి గోడకు తగిలిస్తాను, ఉదయం రాగానే ఎవరి చీటీ వారు తీసి హాజరు పెట్టెలో వేస్తారు. గుణింతాలు, ఒత్తులు పాఠంగా చెప్పకముందే తమ పేరులోని కొమ్ము, దీర్ఘం, వత్తు పిల్లలకు పరిచయమైపోతాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఒకే పోలిక ఉన్న అక్షరాలను ఒకే వారంలో నేర్పకూడదు. ‘వ’, ‘మ’ల మధ్యనూ, ‘ప’, ‘ష’ల మధ్యనూ, ‘ద’, ‘ధ’, ‘థ’ల మధ్యనూ కనీసం మూడు నాలుగు వారాల ఎడం ఉంచితే, మొదటిది స్థిరపడిన తరువాత రెండోది వస్తుంది కాబట్టి తికమక చాలా తగ్గుతుంది.

అపోహ: ఇంట్లో ఒడియాగాని సవరగాని మాట్లాడే పిల్లలకు తెలుగు సరిగ్గా అబ్బదు, వాళ్ళ చేత ఆ భాష మాన్పించాలి.

వాస్తవం: ఈ నమ్మకం వల్ల జరిగిన నష్టం మరే నమ్మకం వల్లా జరగలేదు. నేను చూసినంతలో, ఇంటి భాషలో ధారాళంగా కథ చెప్పగల పిల్ల రెండో భాషలో కూడా త్వరగా నిలదొక్కుకుంటుంది. ఇంటి భాష మీద కోప్పడితే ఆ పిల్ల రెండు భాషల్లోనూ నోరు విప్పదు. మన రాజ్యాంగం 350ఎ అధికరణం, 1956 సవరణ ద్వారా, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కోసం తగిన సౌకర్యాలు కల్పించాలని చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే బోధన సాగాలని చెబుతోంది. సరిహద్దుకు ఇటు తెలుగు బడి కోసం ఆ మాటలను అడ్డు పెట్టుకునే మనం, అదే గదిలో కూర్చున్న సవర పిల్ల విషయంలో వాటిని మరిచిపోకూడదు.

అయితే ఇంటి భాష ప్రభావం ఉండదని నేను అనడం లేదు. ఉంటుంది, అది ఎక్కడ ఉంటుందో ఉపాధ్యాయుడికి తెలిసి ఉండాలి. ఒడియాలో ‘ఎ, ఏ’ల తేడా, ‘ఒ, ఓ’ల తేడా లేదు, ఇ, ఈ, ఉ, ఊలకు వేర్వేరు అక్షరాలు ఉన్నా పలకడంలో హ్రస్వ దీర్ఘాల భేదం పాటించరు. ‘అ’కారాన్ని పెదవులు గుండ్రం చేసి పలుకుతారు కాబట్టి మనం ‘కమల’ అన్నది ఆ పిల్ల నోట ‘కొమొలొ’లా వినిపిస్తుంది. ఉక్తలేఖనంలో, అంటే చెప్పింది విని రాసేటప్పుడు, దీర్ఘాలు పోయాయంటే ఆ పిల్ల అశ్రద్ధగా ఉందని కాదు, ఆ తేడా ఆమె చెవికి ఇంకా అందలేదని అర్థం. చెవికి అందని తేడాను నూరుసార్లు చూచిరాత రాయించినా చేతికి రాదు.

అందుకు నేను ఆడించే ఆట ఇది. నేల మీద సుద్దముక్కతో రెండు గళ్ళు గీసి, ఒకదానిలో చందమామ బొమ్మ, మరొకదానిలో అలికిన నేల బొమ్మ వేస్తాను. ‘నెల’ అంటే ఒక గడిలోకి, ‘నేల’ అంటే మరో గడిలోకి గెంతాలి. తరువాత మెడ, మేడ, ఒడి, ఓడి, పడు, పాడు. హ్రస్వానికి ఒక చిటిక, దీర్ఘానికి రెండు చేతులూ బార్లా చాచడం. రోజుకు పది నిమిషాల చొప్పున మూడు వారాలు ఆడిన తరువాతే పలక ముట్టుకుంటాం. తెలుగు ఇంటి పిల్లలకు ఈ ఆట చాలా తేలిక కాబట్టి వాళ్ళను పిలిచేవాళ్ళుగా నియమిస్తాను, అప్పుడు వాళ్ళకూ విసుగు రాదు.

లిపి విషయంలో మరొకటి గమనించాలి. ఒడియాలో ‘ఠ’ అక్షరం అచ్చం మన సున్నలా గుండ్రంగా ఉంటుంది. రెండేళ్ళు ఒడియా బడిలో చదివి మా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ‘గంప’ను ‘గఠప’ అని చదివినప్పుడు తరగతి అంతా నవ్వింది. ఆ అబ్బాయి తప్పు చదవలేదు, తనకు తెలిసిన లిపి ప్రకారం సరిగ్గానే చదివాడు. మరుసటి రోజు ఆ రెండు అక్షరాలను నల్లబల్ల మీద పక్కపక్కనే రాసి, తేడా చెప్పమని అతన్నే పిలిచాను. ఇప్పుడు మా గోడ మీద ఒక పెద్ద కాగితం ఉంది. ఒక్కో బొమ్మ కింద తెలుగు మాట, ఒడియా మాట, సవర మాట ఉంటాయి. సవర మాటలు చెప్పేది పిల్లలే, వాటిని తెలుగు లిపిలో రాసేది నేను, పలకడం తప్పితే నన్ను సరిదిద్దేది మళ్ళీ వాళ్ళే.

అపోహ: ఊరి మాట బడిలో వినబడకూడదు.

వాస్తవం: మా పిల్లలు ‘నాను’ అంటారు, ‘ఏటి’ అంటారు, ‘ఎల్లిపోనాడు’ అంటారు. ఆ మాట పూర్తయ్యేలోపే అడ్డుపడి ‘నేను అనాలి’ అని దిద్దితే, పిల్ల చెప్పదలచుకున్న సంగతి అక్కడే ఆగిపోతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఉపాధ్యాయుడిగా అడుగుపెట్టిన ఊరు ఈ పర్లాకిమిడే. వ్యావహారిక భాషలో చదువు చెప్పాలని పోరాడింది ఆయనే, సవర నేర్చుకుని సవర పిల్లల కోసం వాళ్ళ భాషలోనే పుస్తకాలు సిద్ధం చేసిందీ ఆయనే. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న సభ చేసి దండ వేసి, మరునాడు తరగతిలో ‘ఏటి’ అన్న పిల్లను నిలబెట్టడం నాకు బాధ కలిగిస్తుంది. చెప్పేటప్పుడు పిల్ల తన మాటలోనే చెప్పాలి. రాసేటప్పుడు పుస్తకంలో ఈ మాట ఎలా ఉంటుందో మెల్లగా చూపాలి. నాలుగో తరగతికి వచ్చేసరికి ఎక్కడ ఏ మాట వాడాలో పిల్లలే పసిగడతారు.

అపోహ: ఎక్కాలు అప్పజెబితే లెక్కలు వచ్చినట్టే.

వాస్తవం: ఎక్కాలు నోటికి రావాలి, అందులో నాకు భిన్నాభిప్రాయం లేదు. కాని ‘ఏడారులు ఎంత’ అని అడిగితే ఏడొకట్ల దగ్గర మొదలుపెట్టి పాడుకుంటూ వచ్చే పిల్లకు వచ్చింది పాట మాత్రమే. చింతపిక్కలను వరుసకు ఏడు చొప్పున ఆరు వరుసలు పేర్చమని, ఆ తరువాత పక్కకు వచ్చి నిలబడి చూడమని చెబుతాను. అటు నుంచి చూస్తే వరుసకు ఆరు చొప్పున ఏడు వరుసలు కనిపిస్తాయి. ఏడారులూ, ఆరేళ్ళూ ఒకటేనని కళ్ళతో చూసిన పిల్లకు ఎక్కాల భారం దాదాపు సగానికి తగ్గుతుంది.

సరిహద్దు బడిలో అంకెల విషయంలో ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది గుర్తించరు. తెలుగులో ‘ఇరవై మూడు’ అన్నప్పుడు పదులు ముందు, ఒకట్లు తరువాత స్పష్టంగా వినిపిస్తాయి. ఒడియాలో 23ను ‘తేఇశి’ అంటారు. అందులో మూడు ముందు వస్తుంది, ఇరవై తరువాత దాగి ఉంటుంది. 39ను ‘అణచాళిశి’ అంటారు, అంటే నలభైకి ఒకటి తక్కువ అని. అందువల్ల ఒడియా ఇంటి పిల్లలు 23ను 32 అని రాయడం, 39 అనగానే నాలుగు అంకె మొదట వేయడం నేను తరచు చూస్తాను. పైగా ఒడియా లిపిలో నాలుగు అంకె మనం వాడే 8కి దగ్గరగా కనిపిస్తుంది. దీనికి మందు చీపురు పుల్లలు. పది పుల్లలను దారంతో ఒక కట్ట కట్టి, రెండు కట్టలు ఎడమ పక్కన, మూడు విడి పుల్లలు కుడి పక్కన పెట్టి, ‘ఇరవై మూడు’ అని తెలుగులో, ‘తేఇశి’ అని ఒడియాలో అనిపించి, తరువాత రాయిస్తాను. తెలుగు అంకెల పేర్లలోని ఈ స్పష్టతను ఒడియా పిల్లలు కూడా ఇష్టంగా వాడుకోవడం గమనించాను. కొందరు మనసులో లెక్క తెలుగులో వేసుకుని జవాబు ఒడియాలో చెబుతారు.

అపోహ: వేగంగా చదివే పిల్ల బాగా చదువుతున్నట్టు.

వాస్తవం: చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాలలో మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థవంతంగా చదవాలని ఉంది. ఆ లక్ష్యంలో ‘అర్థవంతంగా’ అన్న మాటను వదిలేసి గడియారం మాత్రం పట్టుకోవడం పొరపాటు. పైగా తెలుగులో ‘వెళ్ళాలనుకుంటున్నాడు’ అన్నది ఒకే పదం. అదే అర్థానికి ఇతర భాషల్లో రెండు మూడు పదాలు పడతాయి. కాబట్టి పదాలు లెక్కపెట్టి మన పిల్లలు వెనుకబడ్డారనడానికి ముందు ఆ పదాల పొడవు చూడాలి. నేను నెలకొకసారి ప్రతి పిల్లనూ విడిగా కూర్చోబెట్టుకుని, అంతకు ముందు చూడని నాలుగు వాక్యాలు చదివించి, ‘ఇందులో ఏం జరిగింది’ అని అడుగుతాను. జవాబు ఏ భాషలో చెప్పినా తీసుకుంటాను. ఎక్కడ ఆగిందో, దేన్ని తడబడి చదివిందో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే వచ్చే నెల ఏం చేయాలో ఆ పుస్తకమే చెబుతుంది.

అపోహ: గది నిశ్శబ్దంగా ఉంటేనే చదువు సాగుతున్నట్టు, బెత్తం లేకపోతే పిల్లలు మాట వినరు.

వాస్తవం: శారీరక దండన, మానసిక వేధింపు రెండింటినీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది, ఇందులో చర్చకు తావు లేదు. భాష నేర్చుకోవలసిన గది మౌనంగా ఉంటే అక్కడ భాష జరగడం లేదనే అర్థం. గోల పెరిగినప్పుడు నేను గొంతు పెంచను, చప్పట్లతో ఒక తాళం వేస్తాను. అదే తాళాన్ని పిల్లలందరూ తిరిగి వేసేసరికి గది సర్దుకుంటుంది.

అపోహ: ఇద్దరు ఉపాధ్యాయులు ఐదు తరగతులకు పాఠం చెప్పలేరు.

వాస్తవం: ఇది కష్టమే, పోస్టులు నింపాలని అడగడమూ న్యాయమే. కాని పిల్లలను తరగతి ప్రకారం కాక చదవగలిగే స్థాయి ప్రకారం మూడు జట్లుగా చేస్తే, ఒక జట్టు నా దగ్గర పాఠం వింటున్న ఇరవై నిమిషాలూ మరో జట్టు అట్టముక్కలతో పదాలు కూర్చుతుంది, మూడో జట్టు చిన్నవాళ్ళకు కథ చదివి వినిపిస్తుంది. ఐదో తరగతిలో ఉండి కూడా తడబడుతూ చదివే పిల్లకు, ఒకటో తరగతి వాళ్ళకు కథ చదివే బాధ్యత ఇస్తే ఇంటి దగ్గర నాలుగుసార్లు సాధన చేసి వస్తుంది.

అపోహ: చదువుకోని తల్లిదండ్రులు పిల్లల చదువుకు సాయపడలేరు.

వాస్తవం: ఐదో తరగతి భిన్నాల పాఠం నాకు ఎన్నో ఏళ్ళు కొరుకుడు పడలేదు. రొట్టెను ముక్కలు చేసిన బొమ్మ చూపిస్తే మా పిల్లలకు ఏమీ తట్టేది కాదు. ఒక ఏడాది, ధాన్యం కొలిచే పాత కొలపాత్రలు ఇంట్లో ఉన్న ఒక పిల్ల నాయనమ్మను బడికి పిలిచాను. ఆమెకు సంతకం చేయడం రాదు. వరండాలో చాప పరిచి, ధాన్యం పోసి, కుంచం నిండా కొలిచి, అందులోంచి రెండు అడ్డలు తీసి చూపించింది. అడ్డకు రెండు మానికలు, మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు అని చెబుతూ పిల్లల చేతే కొలిపించింది. ఒడియా పిల్లలకు, సవర పిల్లలకు కూడా అనువాదం అవసరం రాలేదు. అంతా అయ్యాక నేను నల్లబల్ల మీద ఆమె చెప్పినవే వరుసగా రాశాను: కుంచంలో అడ్డ సగం, మానిక పావు, తవ్వ పరక, సోల వీసం. వాటి పక్కన 1/2, 1/4, 1/8, 1/16 అని వేసింది మాత్రం ఆమె మనవరాలు.