మామయ్య కాల్లో స్క్రూ

చిరంజీవులు చిన్నికీ బాబీకీ తాతయ్య ఆశీస్సులు.

"మామయ్య కాలు ఇంకా అతకలేదంటున్నారు, మరి డాక్టరు స్క్రూ ఎందుకు పీకేశాడు?" అని రాశారు. మీ అమ్మమ్మదీ అదే గోల.

మా చిన్నప్పుడు నాన్న దొడ్లో మామిడి అంటు నాటి, వెదురుకర్ర పాతి, పురికొసతో కట్టాడు. గాలివానకు భయపడి మా అన్నయ్య ఇంకో నాలుగు చుట్లు బిగించాడు. మొక్క పొడుగైతే ఎదిగింది గానీ మాను చిటికెనవేలు లావు దాటలేదు. నాన్న ముడి విప్పి, రెండు వేళ్లు దూరేంత వదులుగా మళ్లీ కట్టి, "కాస్త ఊగనివ్వండిరా, ఊగితేనే బలం" అన్నాడు. ఆ చెట్టు కాయల కోసం మేం తిన్న తన్నుల సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను.

మామయ్య విరిగిన ముంగాలి ఎముక లోపల నిలువునా రాడ్డుంది. అది తిరగకుండా, ఎముక కుంగకుండా పైనా కిందా స్క్రూలు బిగించారు. మొదట్లో ఆ బిగువు ఉండాల్సిందే. కానీ నెలల తరబడి అడుగడుగు బరువూ రాడ్డే మోస్తుంటే విరిగిన అంచులకు పనేముంది? అందుకే గుండ్రటి బెజ్జంలోని స్క్రూ తీసేసి, పొడవాటి బెజ్జంలోది ఉంచారు. ఇప్పుడు అడుగు వేస్తే ఆ స్క్రూ కాస్త జరుగుతుంది, అంచులు ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. పురికొస వదులు చేశారన్నమాట. మరీ ముందే చేస్తే లేత అంటు వాలిపోయినట్టే కాలు పొట్టిపడొచ్చు, వంకరపోవచ్చు. ఇంత చేసినా ఒక్కోసారి అతకదు. అప్పుడు తుంటి దగ్గర ఎముక కాస్త తీసి విరిగినచోట పెడతారు. సిగరెట్టు తాగేవాళ్లకు ఇంకా ఆలస్యం. మామయ్య జేబుల మీద మీరే ఓ కన్నేసి ఉంచండి.

రష్యాలో కుర్గాన్ అనే ఊళ్లో ఇలిజారోవ్ అని ఓ డాక్టరుండేవాడు. కాలి చుట్టూ ఇనుప వలయాలు పెట్టి, సన్నటి తీగలు ఎముకలోంచి దూర్చి, బయటి నట్లు తిప్పి బిగువు సరిచేసేవాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో హైజంప్ బంగారు పతకం గెలిచిన బ్రూమెల్, మరుసటేడు మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎన్ని ఆపరేషన్లు చేసినా అతకలేదు. చివరికి ఈయన దగ్గరికెళ్లి, మళ్లీ హైజంప్ చేశాడు! అవే నట్లు రెండోవైపు తిప్పి, కోసిన ఎముకను రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున, అదీ నాలుగు విడతల్లో ఎడం చేస్తే, మధ్య ఖాళీలో కొత్త ఎముక పుడుతుంది. ఖాళీ ఉందని దానికెవరు చెప్పారర్రా? కణాలనీ రక్తనాళాలనీ పుస్తకాల్లో ఉంది, పెద్దయ్యాక చదువుకోండి. నాకు మాత్రం తలచుకున్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు మోకాలి కింద ముందువైపు వేలితో నొక్కండి. చర్మం కిందే ఎముక, కండే లేదు. తొడ మీద నొక్కితే ఎముక అందనే అందదు. చుట్టూ కండ ఉంటే రక్తం బాగా అందుతుంది. ముంగాలి ఎముక ఎందుకు బద్ధకిస్తుందో అర్థమైందా? తర్వాత మామయ్య ఎక్స్‌రేలు, పాతదీ కొత్తదీ, కిటికీ వెలుగుకు పక్కపక్కన పట్టండి. విరిగినచోట అంచుల పక్కన తెల్లటి ఉబ్బు, అదే కొత్త ఎముక, దేంట్లో ఎక్కువుందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య