తల లేని గిటార్, ఏటవాలు మెట్లు: సోకెంత, సైన్సెంత?

కాజీపేటలో ఉంటూ ఇంజనీరింగ్ చదువుతున్న ఒక పాఠకుడు ఇలా అడిగాడు: "అన్నా, మా కాలేజీ ఫెస్ట్‌ల ఒకాయన వాయించిన ఎలక్ట్రిక్ గిటార్‌కు తలే లేదు. ఫ్రెట్లు కూడా ఏటవాలుగ ఉన్నయి. ఇదంత సోకా, నిజంగ పనికొస్తదా? దాని మీద చెయ్యి తిరుగుతదా?"

నా లెక్కలో తల (మెడ చివర శ్రుతి మరలు ఉండే చెక్క) తీసేయడం సగం సైన్సు, సగం సోకు. ఏటవాలు ఫ్రెట్లు, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు, పూర్తిగా సైన్సే. చూడటానికి విడ్డూరంగా ఉన్నది ఫ్రెట్లే కాబట్టి వాటితోనే మొదలుపెడతాను. తీగ కదలికను కరెంటుగా మార్చే పికప్‌లో అయస్కాంతం ఏం చేస్తుంది, ఆంప్లిఫయర్ ఏం చేస్తుంది అన్న సంగతుల జోలికి పోను, అవి ఎక్కడైనా దొరుకుతాయి. ఒక్క విషయం చాలు. వీణకు కుండ బోలుగా ఉండాలి, కిన్నెరకు సొరకాయ బుర్రలు బోలుగా ఉండాలి, లేకపోతే శబ్దం బయటకు రాదు. గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ గిటార్‌కు ఆ అవసరం లేదు. అందుకే దాన్ని చేసేవాళ్లకు ఆకారం విషయంలో అంత స్వేచ్ఛ.

తీగ ఏ శ్రుతిలో పలుకుతుందో నిర్ణయించేవి మూడు: పొడవు, తన్యత (బిగువు), ఏకాంక పొడవుకు ఉండే ద్రవ్యరాశి. 1636లోనే ఫ్రాన్సులో మెర్సెన్ ఈ నియమాలు రాసిపెట్టాడు. పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. తన్యత నాలుగింతలైతే రెట్టింపవుతుంది. తీగ బరువు నాలుగింతలైతే సగానికి పడిపోతుంది. పన్నెండు మెట్ల కిన్నెర మీద వేలు జరిపితే మారేది పొడవు. బైండ్లవాళ్లు ఎల్లమ్మ కథ చెబుతూ మోగించే జమిడికలో మాత్రం పొడవుతో పని లేదు, తీగను చేత్తో బిగించి వదులుతుంటే తన్యత మారి శ్రుతి ఎక్కుతుంది, దిగుతుంది. ఇంటర్ ల్యాబులో సోనోమీటరు మీద ఇదే ప్రయోగం చేయిస్తారు. కాగితం ముక్క ఎగిరి పడిందా, రీడింగ్ రాశామా, అయిపోయిందా! ఆ తీగ ఏ స్వరం పలికిందో ఒక్కసారి విని చూడమని చెప్పే లెక్చరర్లు ఎంతమంది? సూత్రం నోటికి వచ్చిన పిల్లలకు అదే సూత్రం గిటార్ మీద కనబడకపోవడంలో వింతేముంది?

మామూలు ఆరు తీగల గిటార్‌లో అడుగు తీగ 82.4 హెర్ట్జ్, పై తీగ 329.6 హెర్ట్జ్. సరిగ్గా నాలుగు రెట్లు. రెండు తీగలూ ఒకే లావు, ఒకే బిగువు ఉండాలంటే అడుగు తీగ పై తీగకు నాలుగింతల పొడవుండాలి. అమెరికా కంపెనీ ఫెండర్ చేసే చాలా గిటార్లలో నట్ (తల దగ్గరి ఆనిక) నుంచి బ్రిడ్జి (బాడీ మీది ఆనిక) దాకా తీగ పొడవు 648 మిల్లీమీటర్లు. దానికి నాలుగింతలంటే రెండున్నర మీటర్లు దాటుతుంది, అంత చెయ్యి ఎవరికీ లేదు. అందుకే గిటార్ ఒక రాజీకి వచ్చింది: పొడవు అన్నిటికీ ఒకటే, తేడా అంతా లావులో. మామూలు సెట్టులో అడుగు తీగ పై తీగ కంటే దాదాపు 17 రెట్లు బరువుంటుంది. ఒక్కో తీగ మీద ఏడెనిమిది కిలోలు, ఆరూ కలిపితే 47 కిలోల వరకు లాగుడు. సిమెంటు బస్తా బరువుకు కాస్త తక్కువ.

ఆరు తీగలతో ఆగితే ఈ రాజీ బాగానే నడుస్తుంది. ఏడో తీగ వచ్చిందంటే చిక్కు మొదలవుతుంది. ఏడు తీగల గిటార్‌లో కొత్తగా చేరే మంద్ర తీగ 61.7 హెర్ట్జ్, ఎనిమిదో తీగ కూడా ఉంటే అది 46 దగ్గర. ఆరో తీగనే, అంటే అడుగు తీగనే, వదులు చేసి 61.7కి దింపామనుకోండి. తన్యత పౌనఃపున్య వర్గానికి అనులోమానుపాతం కాబట్టి 56 శాతానికి పడిపోతుంది. 7.9 కిలోలు ఉన్నది 4.4 అవుతుంది. అంత వదులైతే గట్టిగా మీటినప్పుడు తీగ ఫ్రెట్లకు తగిలి గరగరలాడుతుంది. మీటిన క్షణంలో స్వరం కాస్త పైకి ఎగిరి తర్వాత కిందికి జారుతుంది. సరే, లావు తీగ వేద్దాం. బిగువు తిరిగి వస్తుంది, కానీ లావు తీగ తీగలా ఊగడం మానేసి కడ్డీలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. ఆదర్శ తీగ అనుస్వరాలు (మూల స్వరంతో పాటు మోగే పై స్వరాలు) మూల స్వరానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా ఉంటాయి. కడ్డీతనం పెరిగేకొద్దీ పై అనుస్వరాలు ఆ లెక్క తప్పి పైపైకి జరుగుతాయి. స్వరం ఒకచోట, దాని మెరుపు మరోచోట! డిస్టార్షన్ (శబ్దాన్ని కావాలని గరుకు చేసే ఎఫెక్ట్) పెట్టి వాయించేవాళ్లకు ఇది ఇంకా కొట్టొచ్చినట్టు వినబడుతుంది, డిస్టార్షన్ పనే అనుస్వరాలను ముందుకు తేవడం కదా.

ఇక మిగిలింది పొడవు. పొడవును 648 నుంచి 686 మిల్లీమీటర్లకు, అంటే 27 అంగుళాలకు పెంచితే అదే తీగ, అదే శ్రుతిలో తన్యత 12 శాతం పెరుగుతుంది. అంతకంటే పెద్ద లాభం మరొకటుంది. కడ్డీతనం వల్ల వచ్చే లోపం శ్రుతి మారనప్పుడు పొడవు నాలుగో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది. ఒకటిన్నర అంగుళం పెంచితే ఆ లోపంలో ఐదో వంతు మాయం!

అంత లాభమే ఉంటే అన్ని తీగలనూ పొడుగు చేయొచ్చు కదా అనిపిస్తుంది. పై తీగ ఒప్పుకోదు. ఈ విషయం నాకు చాలా ఇష్టం, కాబట్టి కొంచెం సాగదీస్తాను. తీగ తెగేది దానిలోని ప్రతిబలం హద్దు దాటినప్పుడు. ప్రతిబలం అంటే తన్యతను తీగ అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చేది. శ్రుతి, పొడవు మార్చకుండా తీగను లావు చేస్తే వైశాల్యం ఎంత పెరుగుతుందో కావలసిన తన్యతా అంతే పెరుగుతుంది. భాగించేసరికి లావు కొట్టుకుపోతుంది! మిగిలేవి ఉక్కు సాంద్రత, పొడవు, శ్రుతి. సన్న తీగ తెగుతోంది కదా అని లావుది బిగిస్తే తెగే హద్దు ఇసుమంతైనా జరగదు. షాపువాళ్లు చెప్పినా నమ్మకండి. (గోకుడుకు, తుప్పుకు లావు తీగ ఎక్కువ కాలం ఆగుతుంది, అది వేరే సంగతి.) 648 మిల్లీమీటర్ల మీద 329.6 హెర్ట్జ్ పలికే ఉక్కు తీగలో ప్రతిబలం సుమారు 1430 మెగాపాస్కల్. పొడవు 28 అంగుళాలైతే 1720 దాటుతుంది. దాని మీద ఒక పూర్తి స్వరం బెండ్ చేస్తే, అంటే తీగను పక్కకు నెట్టి శ్రుతి అంత పెంచితే, తన్యత ఇంకో 26 శాతం పెరగాలి, అంటే 2170. తీగల ఉక్కు సాధారణంగా 2500 పైనే తట్టుకుంటుంది, కానీ బ్రిడ్జి దగ్గర వంపులో, అరిగినచోట ఆ భరోసా ఉండదు. వీణ మీద ఒకే మెట్టు దగ్గర తీగను పక్కకు లాగి మూడు నాలుగు స్వరస్థానాలు పైకి పోతారంటే, ఆ తీగను తెగే హద్దుకు చాలా కింద శ్రుతి చేయడమే కారణం.

తెగడం ఒక్కటే కాదు, వేలికి కూడా భారం. బిగువు ఎక్కువైతే అదే బెండ్‌కు తీగను ఇంకా దూరం నెట్టాలి. గమకాలు వాయించాలని గిటార్ పట్టిన కుర్రాళ్లకు పై తీగలు పొట్టిగా, కొంచెం వదులుగా ఉండటమే మంచిది.

చివరికి తేలేది ఇది: మంద్ర తీగ పొడుగ్గా ఉండాలి, తార తీగ పొట్టిగా ఉండాలి. పియానో మూత ఎత్తి చూడండి, హార్ప్ చూడండి, హిందుస్తానీ గాయకులు ఒళ్లో పెట్టుకునే స్వరమండల్ చూడండి, అన్నిటి ఆకారంలో ఇదే ఉంది. అసలు విడ్డూరం అన్ని తీగలకూ ఒకే పొడవు పెట్టిన మామూలు గిటార్‌దే. తీగల పొడవులు వేరైతే ప్రతి తీగకూ ఫ్రెట్ వేరే చోట పడుతుంది. ఆ చోట్లన్నీ కలుపుతూ గీత గీస్తే అది ఏటవాలుగా వస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. అమెరికాలో రాల్ఫ్ నొవాక్ దీనికి 1989లో పేటెంట్ తీసుకున్నాడు. ఆలోచన మాత్రం పాతదే. నాలుగు శతాబ్దాల కిందటి ఇంగ్లండు లోహపు తీగల వాద్యం ఆర్ఫేరియన్‌కు కూడా వాలు మెట్లు పెట్టేవాళ్లు.

మరి చెయ్యి తిరుగుతుందా? అడుగున 686, పైన 648 అనుకుందాం. తేడా 38 మిల్లీమీటర్లు. ఏడో ఫ్రెట్‌ను నిటారుగా ఉంచితే ఆ తేడాలో మూడో వంతు, అంటే పన్నెండున్నర మిల్లీమీటర్లు, నట్ దగ్గర కనబడుతుంది. మిగతాది బ్రిడ్జి దగ్గర. మొదటి ఫ్రెట్ అడుగు తీగ వైపు కొస దాదాపు 15 డిగ్రీలు నట్ వైపుకు వాలుతుంది, ఇరవై నాలుగోది అంతే కోణంలో బ్రిడ్జి వైపుకు. ఇప్పుడు మీ ఎడమ చేతిని చూసుకోండి. గిటార్ లేకపోయినా ఫర్వాలేదు. చెయ్యి దూరంగా చాపి బారె కార్డ్ పట్టినట్టు, అంటే ఒక్క వేలితో తీగలన్నీ నొక్కినట్టు, వేలు పెట్టండి, వేలి కొన నట్ వైపుకు వాలుతుంది. అదే చేతిని పొట్ట దగ్గరకు తెచ్చి పెట్టండి, కొన బ్రిడ్జి వైపుకు తిరుగుతుంది. ఫ్రెట్ల వాలు కూడా అటే! చేతికి నిటారు ఫ్రెట్లు సహజమని మనం అనుకోవడం అలవాటు వల్లే. ఇబ్బంది ఎక్కడంటే, పై ఫ్రెట్ల దగ్గర బారె కార్డులు పట్టేవాళ్లకు, కళ్లతో ఫ్రెట్లు చూసుకుంటూ వాయించేవాళ్లకు. ఆరు తీగలు, మామూలు శ్రుతి అయితే మాత్రం ఈ లాభం చెవికి అందేంత ఉండదని నా అభిప్రాయం. ఏడెనిమిది తీగల వాళ్లకైతే ఇంతకంటే మంచి దారి లేదు.

ఇక తల. గిటార్‌ను బెల్టుకు తగిలించి ఎడమ చెయ్యి వదిలేస్తే, కొన్ని గిటార్ల మెడ, పారను పిడి మధ్యలో పట్టుకుంటే ఇనుప వైపు వాలినట్టు, నేల చూపులు చూస్తుంది. తల చెక్క, ఆరు శ్రుతి మరలు కలిపి 400 గ్రాములనుకోండి. బెల్టు పిన్ను నుంచి 40 సెంటీమీటర్ల దూరం. 16,000 గ్రామ్-సెంటీమీటర్ల భ్రామకం. మెడ బరువు పక్కన పెట్టినా, దీన్ని తూచాలంటే రెండున్నర కిలోల బాడీ గరిమనాభి పిన్నుకు అవతలి వైపు ఆరున్నర సెంటీమీటర్లు ఉండాలి. 1954లో వచ్చిన ఫెండర్ గిటార్ స్ట్రాటోకాస్టర్ పై కొమ్ము ముందుకు పొడుచుకు వచ్చింది అందం కోసమే కాదు, పిన్నును పన్నెండో ఫ్రెట్ దగ్గరకు జరపడానికి కూడా. ఆ కొమ్ము లేనివాటికి తల తీసేస్తే సమస్య మొదలంటా పోతుంది. ఫర్నిచర్ డిజైన్ నుంచి వచ్చిన నెడ్ స్టైన్‌బర్గర్ 1980 ప్రాంతంలో కార్బన్ ఫైబర్, ఎపాక్సీతో చేసిన బేస్‌లో (మంద్ర స్వరాల గిటార్‌లో) ఈ పని చేశాడు. శ్రుతి చేసే మరలన్నీ బ్రిడ్జి దగ్గరకు చేరాయి. గిటార్ ఒక జానెడు పొట్టిదై, రైల్లో పై బెర్తు మీద పట్టేస్తుంది. 2007లో గిటార్లు చేయడం మొదలుపెట్టిన స్వీడన్ వాడు ఓలా స్ట్రాండ్‌బెర్గ్ తలతీసివేతను, ఏటవాలు ఫ్రెట్లను, మెడ వెనుక గుండ్రం బదులు పలకలు తీర్చిన ఆకారాన్ని ఒకే వాద్యంలో కలిపాడు. ఈ పలకల మెడ బొటనవేలికి సుఖమని కొందరంటారు. బొటనవేలు పైకి తెచ్చి తీగ నొక్కే అలవాటున్నవాళ్లకు అది అడ్డమే.

తల పోతే "సస్టెయిన్ పోతుంది", అంటే మీటిన స్వరం ఎక్కువసేపు నిలవదు, అనేవాళ్లున్నారు. మెడ కూడా ఒక కంపించే వస్తువే. తీగ పౌనఃపున్యం మెడ సహజ పౌనఃపున్యంతో కలిసినచోట మెడ తీగ శక్తిని మింగేస్తుంది, స్వరం తొందరగా చచ్చిపోతుంది. ఫెండర్ బేస్‌లలో పై తీగ ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఇది అందరికీ తెలిసిన జబ్బే. కొసన బరువు తగ్గితే మెడ సహజ పౌనఃపున్యం పైకి పోతుంది, ఆ చచ్చుచోటు జరుగుతుంది. పోవడం కాదు, జరగడం. కాబట్టి తల ఉంటే మంచిదనీ లేకపోతే మంచిదనీ ఎవరూ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేరు. ఇంకా కొందరు పెద్దలకు తల లేని వాద్యం కంటికి అశుభంగా తోస్తుంది. వీణకు ఉండే యాళి ముఖం చూడండి, శ్రుతితో దానికి ఏ సంబంధమూ లేదు, బిరడలు దానికి ముందే మెడకు ఉంటాయి. యాళి లేకపోయినా సావేరి సావేరే.

1958లో గిబ్సన్ తెచ్చిన వి ఆకారపు గిటార్ సంగతి వేరు. నిలబడితే ఫర్వాలేదు, కూర్చుంటే తొడ మీద నుంచి జారుతుంది. ఆ సంగతి కంపెనీకీ తెలిసినట్టే ఉంది, అంచున రబ్బరు పట్టీ అతికించి అమ్మింది. ఇది సోకే, కాదనను. మొదటి విడతలో వందలోపే అమ్ముడయ్యాయి. ఇప్పుడు వాటి ధర చూస్తే కళ్లు తిరుగుతాయి.

కార్బన్ మెడకు మన దగ్గర ఒక లాభముంది. వరంగల్ మే ఎండకు, జూలై ముసురుకు కట్టె మెడ వంగి లేస్తుంది, కార్బన్ దాదాపుగా కదలదు. తీగలు మాత్రం ఉక్కువే కదా, స్టేజీ లైట్ల కింద పై తీగ ఒక్కటే 10 డిగ్రీలు వేడెక్కినా శ్రుతి దాదాపు 15 సెంట్లు (ఒక స్వరస్థానంలో నూరో వంతు ఒక సెంటు) దిగుతుంది. దానికి ఏ ఆకారమూ మందు కాదు.

తమ్ముడికి నా సలహా: ఆరు తీగలే వాయిస్తే తల లేనిది కొనుక్కో, ఫ్రెట్లు నిటారువే ఉండనీ. కొనేముందు కూర్చుని, నిలబడి రెండు విధాలా పట్టుకుని, ఎడమ చెయ్యి వదిలి చూడు. మొదటి ఫ్రెట్ మీద బారె పట్టి చూడు. శ్రుతి మరలు వేలితో తిరుగుతాయో, అలెన్ కీ కావాలో చూడు. రెండు కొసలా గుండు ఉండే ప్రత్యేక తీగలే పడతాయంటే మాత్రం హన్మకొండలో షో ముందు తీగ తెగితే ఎక్కడ దొరుకుతుందో ముందే అడిగి పెట్టుకో. మామూలు తీగ పట్టే మోడళ్లూ ఉన్నాయి, అవే మేలు.