రోలు కింద చూడు అని రాస్తే సరిపోదా?

చిరంజీవులు బుజ్జమ్మకీ, నానికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు రైలెక్కి నాలుగు రోజులైంది. చూరుకు కట్టిన వరి కుచ్చు దగ్గర పిచ్చుకలు పొద్దున్నే గోల చేస్తున్నాయి. సగం గింజలు అప్పుడే ఖాళీ చేశాయి.

బుజ్జమ్మా, నువ్వు కిటికీలోంచి ఒక ప్రశ్న అడిగావు. నేను నోరు తెరిచేలోపే బండి కదిలింది. "తాతయ్యా, రోలు కింద చూడు అని రాస్తే సరిపోదా? పాటలాగా ఎందుకు రాశావు?" కనుమ నాడు మీకోసం పెట్టిన ట్రెజర్ హంట్‌లో ఐదు చీటీలూ ప్రాసలోనే ఎందుకున్నాయని కదా నీ అనుమానం? ఈ నాలుగు రోజులూ ఆ ప్రశ్న నాతోనే తిరుగుతోంది.

ముందు ఆ రోజు జరిగింది గుర్తు చేస్తాను. రెండో చీటీ చదివి పరిగెడుతుంటే గాలికి అది గడ్డివాము మీదకి ఎగిరిపోయింది. నాని ఏడుపు మొహం పెట్టాడు. నువ్వు అక్కడే నిలబడి "చేలో పుట్టి, చూరుకు చేరింది" అన్నావు. తర్వాతది రాలేదు. మళ్ళీ అన్నావు. "చేలో... లో... లా... లి... గాలికి!" అని అరిచావు. ఆ ఒక్క మాట దొరకగానే దాని వెనకే మిగతాదంతా వచ్చేసింది.

చేలో పుట్టి, చూరుకు చేరింది
గాలికి ఊగి, పిచ్చుకని పిలిచింది

చీటీ గడ్డివాము మీదే ఉంది. పాట మాత్రం నీ దగ్గరుంది.

దీన్ని ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే పశువుల పాకలో దూలానికి వేలాడుతున్న పాతాళగరిగె కనిపించింది. మీరు దాని కింద నుంచే పదిసార్లు పరిగెత్తారు. ఇనుప కొక్కేల గుత్తి అది. బావిలో చెంబో బిందో పడిపోతే, దాన్ని తాడుకి కట్టి దింపి, అడుగున మెల్లగా తిప్పుతారు. ఎక్కడో ఒక కొక్కెం చెంబు మెడకి తగులుతుంది. అప్పుడు పైకి లాగుతారు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు భోగి రోజు తెల్లవారుజామున తలంటుకి నీళ్ళు తోడమన్నారు. చలికి వేళ్ళు కొంకర్లు పోయి ముడి సరిగ్గా వెయ్యలేదు. ఇత్తడి చెంబు బావిలో పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి భోగి మంట దగ్గర నిలబడ్డాను. అంత మంట ముందు కూడా నాకు వెచ్చగా లేదు. చివరికి మా నాయనమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. "పడిందని చెప్పావు కాబట్టి తీద్దాం. చెప్పకపోతే ఎలా తీస్తాం?" అంది. పిల్లలూ, మీరు ఏదైనా పోగొట్టినా, పగలగొట్టినా ముందు ఆ మాట చెప్పేయండి. వెతకడానికి నలుగురు వస్తారు.

పక్కింటి నుంచి గరిగె తెచ్చాం. నాయనమ్మ తాడు నా చేతికే ఇచ్చింది. బావిలో ఏమీ కనపడదు, అంతా చేతికి తెలియాల్సిందే. మొదటిసారి చిల్లు బకెట్ వచ్చింది. రెండోసారి ఎవరో ఎప్పుడో జారవిడిచిన గరిటె. మూడోసారి తాడు బరువెక్కింది. చెంబు!

ప్రాస అలాంటి గరిగె, బుజ్జమ్మా. మరిచిపోయిన మాట బావి అడుగున ఉంటుంది. కంటికి కనపడదు. కానీ "చేలో" అన్నప్పుడు రెండో అక్షరం లకారం. కింది పాదంలో కూడా అక్కడ లకారమే ఉండాలి. ఆ లకారమే కొక్కెం. దాన్ని దింపి మెల్లగా తిప్పావు. టెన్షన్ పడి గబగబా లాగితే గరిగెకి ఏదీ తగలదు. నువ్వు లాగలేదు, లో, లా, లి అని తిప్పావు. ఒక్కోసారి మనకి కావలసిన మాటకి ముందు పాలు, పూలు, నేల అన్నీ వస్తాయి, చిల్లు బకెట్ వచ్చినట్టు. రానివ్వండి. వాటితో ఇంకో పాట కట్టుకోవచ్చు. ఇక "చేరింది, పిలిచింది" అని చివర కలిసింది చూశావా? అది రెండో కొక్కెం. ఒకటి జారినా ఇంకొకటి పట్టుకుంటుంది.

మా చిన్నప్పుడు చీటీలు లేవు. పండగ మూడు రోజులూ నాయనమ్మ ఏదో ఒకటి దాచేది. గాదె నిండా కొత్త ధాన్యం, పెరట్లో కొత్త గడ్డివాము, వంటింట్లో అరిసెల డబ్బాలు. దాచడానికి సంక్రాంతి ఇంటిని మించిన ఇల్లు ఉండదు. ఆవిడ చెవిలో ఒక్కసారే పొడుపు కథ చెప్పేది, రెండోసారి అడిగితే చెప్పేది కాదు. నేను మొదట విప్పింది ఇది:

అమ్మ కడుపున పడ్డాను, అంత సుఖాన ఉన్నాను
నీచే దెబ్బలు తిన్నాను, నిలువునా ఎండిపోయాను
నిప్పుల గుండం తొక్కాను, గుప్పెడు బూడిదనయ్యాను

వీధి అరుగు నుంచి పెరటి దాకా దీన్ని వల్లిస్తూ పరిగెత్తాను. గోడకి వేలాడుతున్న భోగి దండ వెనక చెయ్యి పెడితే బెల్లం ఉండ దొరికింది. జవాబు నేను చెప్పను. మీరు మొన్న మీ చేతులతోనే దండ గుచ్చారు. పాపం, దాని కథ మొత్తం అందులో ఉంది, ఆవు కడుపు నుంచి మంట దాకా.

ఇందులో నాకు ఎప్పుడూ ముచ్చటేసేది ఒకటుంది. పొడుపు కథ వస్తువుని దాస్తుంది. ప్రాస మాటని దాచి ఉంచుతుంది. ఒకటి మీకు దొరక్కుండా, ఇంకొకటి మీ దగ్గర నుంచి పోకుండా. రెండూ ఒకే రెండు పాదాల్లో ఇమిడిపోతాయి. "రోలు కింద చూడు" అని రాస్తే మీరు చూసేవారు, మర్నాటికి మరిచిపోయేవారు. "కదలదు, మెదలదు, కడుపంతా గొయ్యి, వదలక దంచితే అరిసెల పిండి" అన్నాను కాబట్టి నాని రైల్వే స్టేషన్‌లో కూడా అదే పాడుతున్నాడు. రోలుని వాడు ఇంతకుముందు ఎప్పుడైనా అంత పరీక్షగా చూశాడా?

మీ ఇంట్లో సుమతీ శతకం ఉంటే ఏ పద్యమైనా తీయండి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం కింద వేలు పెట్టుకుంటూ వెళ్ళండి. నేను ఇంకేం చెప్పను, మీ వేలే చెప్తుంది. మన పెద్దవాళ్ళలో చదువురాని వాళ్ళు కూడా వందల పద్యాలు అప్పజెప్పేవారు. ధనుర్మాసంలో మన వీధికి వచ్చే హరిదాసు చేతుల్లో తంబురా, చిడతలు ఉంటాయి, తల మీద అక్షయపాత్ర ఉంటుంది. ఇక కాగితం పట్టుకోవడానికి చెయ్యేది? పొద్దున్న లేచి ఆయన పాట వింటుంటే, ఇంత పాట ఆ మనిషిలో ఎక్కడ సర్దుకుని ఉంటుందా అని ఈ వయసులో కూడా ఆశ్చర్యపోతాను.

ఇప్పుడు ఆరో చీటీ. ఐదే ఉన్నాయనుకున్నారు కదా. ఇది అక్కడికి వెళ్ళాకే పని చేస్తుంది కాబట్టి పోస్టులో పంపుతున్నాను.

ముగ్గురు నిలిచారు వరుసలో చూడు
ముగ్గులో చుక్కల్లా మేడపైన నేడు

రాత్రి ఎనిమిది గంటలకి, మబ్బు లేనప్పుడు అమ్మని తోడు తీసుకుని మేడ ఎక్కండి. తూర్పు వైపు తిరిగి, తల బాగా పైకెత్తండి. చీటీ చేతిలో పట్టుకోవద్దు, చీకట్లో కనపడదు. నానికి స్వెటర్ వెయ్యండి. ఆ వేళకి నేను కూడా మన పెరట్లో నులక మంచం మీద పడుకుని ఆ ముగ్గురినే చూస్తుంటాను.

మీ
తాతయ్య